ఫ్లైట్‌గేర్‌లో సీ హాక్

ఫ్లైట్‌గేర్ అనే స్వేచ్ఛా ఫ్లైట్ సిమ్యులేటర్‌లో లభించే నౌకాధారిత యుద్ధవిమానాలలో సీ హాక్ ఒకటి. అసలు సీ హాక్ బ్రిటన్‌కు చెందిన హాకర్ సంస్థ రూపొందించిన ఒంటి ఇంజను, ఒంటి సీటు జెట్ విమానం. భారత నౌకాదళపు తొలి విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్ మీద పనిచేసిన మొదటి జెట్ యుద్ధవిమానం ఇదే. 1971 యుద్ధంలో విశాఖపట్నం కేంద్రంగా గల తూర్పు నౌకాదళ కమాండ్ పక్షాన బంగాళాఖాతం నుండి దాడులు చేసినవి ఈ విమానాలే. ఇటువంటి విమానం యొక్క ఒక రకాన్ని సిమ్యులేటర్‌లో చేర్చడానికి ఏమేమి అవసరమో, అందులో నౌక పాత్ర ఎంతటిదో ఈ వ్యాసం వివరిస్తుంది.

నేపథ్యం

నేలమీది విమానాశ్రయం నుండి ఎగిరే యుద్ధవిమానాన్ని ఉన్నదున్నట్లుగా నౌకపైకి తీసుకుపోవడం సాధ్యం కాదు. నౌక పైతలం పొట్టిది. అది కదులుతూ, ఊగుతూ ఉంటుంది. దిగే విమానాన్ని పట్టి ఆపడానికి తోక కింద కొక్కెం, తాకిడిని తట్టుకునే బలమైన చక్రాల కాళ్ళు, నౌక లోపల ఇరుకు స్థలంలో సర్దడానికి మడిచే రెక్కలు అవసరమవుతాయి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో స్పిట్‌ఫైర్ విమానానికి ఇటువంటి మార్పులు చేసి సీఫైర్ అనే నౌకా రకాన్ని తయారు చేశారు. ఈ మార్పులవల్ల బరువు పెరుగుతుంది, తూకపు కేంద్రం జరుగుతుంది. కనుక రూపంలో పోలిక ఉన్నా నౌకా రకం ఎగిరే తీరు వేరుగా ఉంటుంది.

తెలుగు తీరానికి నౌకాధారిత విమానాలతో పరిచయం ఆ యుద్ధకాలంలోనే కలిగింది. 1942 ఏప్రిల్ 6న జపాను నౌకాదళ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి.

సీ హాక్ రకాలు

హాకర్ పి.1040 అనే నమూనా విమానం 1947 సెప్టెంబరు 2న మొదటిసారి ఎగిరింది. నౌకాదళం కోసం మార్చిన నమూనా 1948 సెప్టెంబరు 3న ఎగిరింది. ఆ తరువాత ఉత్పత్తి బాధ్యత ఆర్మ్‌స్ట్రాంగ్ విట్‌వర్త్ సంస్థకు అప్పగించబడింది. 1953లో ఈ విమానం బ్రిటిషు నౌకాదళ సేవలో ప్రవేశించింది. 1956 సూయజ్ సంక్షోభంలో కూడా దీనిని వినియోగించారు.

ఇంజను రోల్స్ రాయిస్ నీన్. సాధారణంగా ఆనాటి జెట్ విమానాలలో పొగ గొట్టం తోక చివర ఉండేది. సీ హాక్‌లో మాత్రం అది రెండుగా చీలి, రెండు రెక్కల మొదళ్ళ వద్ద బయటకు వస్తుంది. దీనివల్ల తోక భాగంలో ఇంధనానికి చోటు దొరికింది. ముక్కు భాగంలో 20 మిల్లీమీటర్ల ఫిరంగులు నాలుగు ఉంటాయి.

ముఖ్యమైన రకాలు:

• ఎఫ్.1, ఎఫ్.2 - తొలి యుద్ధవిమానాలు. రెండవదానిలో రెక్కల చివరి నియంత్రణ పలకలకు యంత్రశక్తి జతచేశారు.
• ఎఫ్‌బి.3 - బాంబులు మోయడానికి రెక్కను బలపరచిన రకం.
• ఎఫ్‌జిఏ.4 - నేలమీది లక్ష్యాలపై దాడికి అనువైన రకం.
• ఎఫ్‌జిఏ.6 - మరింత శక్తిగల నీన్ 103 ఇంజను గల రకం.
• మార్క్ 100, మార్క్ 101 - పశ్చిమ జర్మనీ కోసం తయారైన రకాలు. వీటిలో నిలువు తోక ఎత్తు ఎక్కువ. 101లో రెక్క కింద రాడారు ఉంటుంది.

భారత నౌకాదళంలో

భారత నౌకాదళపు 300వ స్క్వాడ్రన్ 1960 జులై 7న సీ హాక్ విమానాలతో ప్రారంభమైంది. విక్రాంత్ 1961 మార్చి 4న బెల్‌ఫాస్ట్‌లో నౌకాదళంలో చేరింది. ఈ నౌకపై మొదటి జెట్ విమానాన్ని 1961 మే 18న దింపినవాడు రాధాకృష్ణ హరిరాం తహిలియానీ. ఇతడు తరువాతి కాలంలో నౌకాదళ ప్రధానాధికారి అయ్యాడు.

భారతదేశం మొదట ఎఫ్‌జిఏ.6 రకాన్ని, తరువాత జర్మనీ వాడిన విమానాలను కూడా తీసుకున్నది. కనుక భారత సీ హాక్‌లన్నీ ఒకే ఆకారంలో ఉండవు. వీటిలో పొట్టి తోకవీ, పొడవు తోకవీ కూడా ఉన్నాయి. 1983లో సీ హారియర్ విమానాల రాకతో సీ హాక్ శకం ముగిసింది.

1971 యుద్ధం

1971 నవంబరు 1న తూర్పు నౌకా శ్రేణి ఏర్పడింది. విక్రాంత్ అందులో ప్రధాన నౌక. అప్పటికి నౌక బాయిలరులో పగుళ్ళు ఉన్నందువల్ల వేగాన్ని పరిమితం చేయవలసి వచ్చింది. విక్రాంత్‌ను వెదకుతూ వచ్చిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ డిసెంబరు 3-4 తేదీల మధ్య రాత్రి విశాఖపట్నం రేవు వెలుపల మునిగిపోయింది. ఆ సమయానికి విక్రాంత్ విశాఖలో లేదు, అండమాన్ దీవుల వైపు తరలించబడింది. డిసెంబరు 4న సీ హాక్‌లు విక్రాంత్ నుండి ఎగిరి కాక్స్ బజార్, చిట్టగాంగ్‌లపై దాడి చేశాయి.

బాయిలరు లోపం కేవలం నౌక చరిత్రకు సంబంధించినది కాదు. విమానం ఎగరడానికీ, దిగడానికీ నౌక వేగం ఒక లెక్క. ఈ లెక్కనే సిమ్యులేటర్ కూడా తిరిగి చేస్తుంది.

ఫ్లైట్‌గేర్

ఫ్లైట్‌గేర్ అభివృద్ధి 1990లలో మొదలైంది. 1.0 వెర్షను 2007 డిసెంబరులో వెలువడింది. గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు క్రింద లభించడం వల్ల దీనిని ఎవరైనా ఉచితంగా దించుకొని, లోపలి ఫైళ్ళను చదివి, మార్చి, ఇతరులకు పంచవచ్చు. విమానాలను తయారుచేసేవారు ప్రపంచం నలుమూలలా ఉన్న స్వచ్ఛంద సభ్యులు. 2001లో వచ్చిన ఐఎల్-2 స్టుర్మోవిక్ వంటి వాణిజ్య యుద్ధ క్రీడలలో కొత్త విమానాన్ని చేర్చే నిర్ణయం ప్రధానంగా సంస్థ చేతిలో ఉంటుంది. ఫ్లైట్‌గేర్‌లో ఓపిక గల విద్యార్థి కూడా ఆ పని చేయగలడు. అయితే ఫ్లైట్‌గేర్ ప్రధానంగా విమానయాన సాధనమే గాని యుద్ధ క్రీడ కాదు.

కొత్త రకాన్ని చేర్చే విధానం

1. ఆధారాల సేకరణ. విమానం పొడవు, రెక్కల వెడల్పు, ఖాళీ బరువు, ఇంధనం, ఇంజను తోపు, దిగే వేగం మొదలైనవి సేకరించాలి. ఇవి ఎంచుకున్న రకానివే కావాలి. ఎఫ్‌జిఏ.6 బరువుకు ఎఫ్.1 ఇంజను కలిపితే అటువంటి విమానం ఎన్నడూ లేనిదవుతుంది.

2. ఆకారం. త్రిమితీయ నమూనాను ఏసీ3డి లేదా బ్లెండర్ వంటి సాఫ్టువేరులో గీస్తారు. చక్రాలు, కొక్కెం, మడిచే రెక్కలు, నియంత్రణ పలకలు వేర్వేరు భాగాలుగా పేర్లతో ఉండాలి. అప్పుడే వాటిని కదిలించవచ్చు. జర్మనీ నుండి వచ్చిన భారత విమానాన్ని చూపాలంటే పొట్టి తోకపై భారత నౌకాదళ రంగులు వేస్తే సరిపోదు. తోకనే మార్చాలి.

3. ఎగిరే లక్షణాలు. ఫ్లైట్‌గేర్‌లో వాడుకలో ఉన్న గణన పద్ధతులలో జేఎస్‌బీసిమ్, యాసిమ్ ముఖ్యమైనవి. జేఎస్‌బీసిమ్‌కు గాలి బలాల పట్టికలు ఇవ్వాలి. యాసిమ్‌కు విమానపు కొలతలు, దిగే వేగం, సుదూర ప్రయాణ వేగం ఇస్తే మిగతా విలువలను అదే లెక్కించుకుంటుంది. సీ హాక్ నమూనా యాసిమ్‌పై ఆధారపడింది. ఇచ్చిన అంకెలు పరస్పరం పొసగకపోతే యాసిమ్‌కు పరిష్కారం దొరకదు, లేదా విమానం వింతగా ఎగురుతుంది.

4. కొక్కెం, కాటపుల్టు. యాసిమ్ ఫైలులో కొక్కెం ఎక్కడ తగిలించి ఉందో, ఎంత పొడవో, ఎంత కోణం వరకు దిగుతుందో రాయాలి. ఆధునిక అమెరికా విమానాలను ముందు చక్రానికి ఉన్న కడ్డీ పట్టుకొని కాటపుల్టు విసురుతుంది. సీ హాక్‌ను మాత్రం పొట్ట కింద తగిలించిన ఉక్కు తాడుతో లాగేవారు. సిమ్యులేటర్‌లో ఈ రెండింటికీ ఒకే అంశాన్ని వాడతారు. కనుక లాగే బిందువును సరైన చోట ఉంచకపోతే విమానం ముక్కు పైకి లేవడం గాని, వంగడం గాని జరుగుతుంది.

5. రకాన్ని నమోదు చేయడం. ప్రతి విమానానికీ ఒక ప్రధాన ఎక్సెమ్మెల్ ఫైలు ఉంటుంది. కొత్త రకం ఫైలు పాత ఫైలును తనలో చేర్చుకొని, తేడా ఉన్న విలువలను మాత్రమే మార్చుకోవచ్చు. ఈ సౌకర్యం వల్ల పని తగ్గుతుంది. కానీ మార్చడం మరచిన ప్రతి విలువా పాత రకానిదే మిగిలిపోతుంది.

నౌక

ఫ్లైట్‌గేర్‌లో నౌక ఒక దృశ్యం మాత్రమే కాదు. దాని ఫైలులో నడవదగిన గట్టి తలాలు, కాటపుల్టులు, అడ్డతాళ్ళు, విమానం నిలిపే స్థానాలు, పైలట్‌కు సరైన దిగే కోణాన్ని చూపే దీపాలు విడివిడిగా గుర్తించబడి ఉంటాయి. కోరినపుడు నౌక గాలికి ఎదురుగా తిరుగుతుంది.

దీని ప్రయోజనం చిన్న లెక్కతో తెలుస్తుంది. ఉదాహరణకు ఒక విమానం 110 నాట్ల వేగంతో దిగుతున్నదనుకుందాం. నౌక 15 నాట్ల వేగంతో 10 నాట్ల ఎదురుగాలిలోకి పోతుంటే, నౌక పైతలంతో పోల్చినపుడు విమానం వేగం 85 నాట్లు మాత్రమే. ఆపవలసిన శక్తి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక అది సుమారు 60 శాతానికి తగ్గుతుంది. నౌక నెమ్మదించినా, గాలి పడిపోయినా ఈ వెసులుబాటు పోతుంది. 1971లో విక్రాంత్ పరిస్థితి ఎంత క్లిష్టమైనదో దీనివల్ల అర్థమవుతుంది.

సీ హాక్‌ను సాధారణంగా ఫ్లైట్‌గేర్‌లోని నిమిట్జ్ నౌకపై అభ్యసిస్తారు. నిమిట్జ్ పొడవు సుమారు 333 మీటర్లు. పాత విక్రాంత్ పొడవు సుమారు 213 మీటర్లు. కావున నిమిట్జ్‌పై సులువుగా దిగిన వ్యక్తి విక్రాంత్ పైలట్ల నైపుణ్యాన్ని తక్కువగా అంచనా వేసే ప్రమాదం ఉన్నది. భారత రకాన్ని నిజంగా చేర్చడమంటే దానికి తగిన నౌకను కూడా చేర్చడమే.

ఆన్‌లైన్‌లో ఎగరడం

ఫ్లైట్‌గేర్‌లో పలువురు ఒకే ఆకాశంలో ఎగరవచ్చు. సర్వరు ద్వారా చేరేది విమానం ఉన్న చోటు, దిశ, చక్రాల స్థితి వంటి సమాచారమే. ఆకారం మాత్రం చూసేవారి కంప్యూటరులో ముందే ఉండాలి. కొత్త రకం ఎవరి వద్ద లేదో వారికి దాని బదులు నీలం, పసుపు రంగుల గ్లైడరు కనిపిస్తుంది. కాబట్టి కొత్త విమానాన్ని అందరికీ పంచితేనే దానిని చేర్చినట్లు.

నౌకలతో మరో చిక్కు ఉంది. ప్రతి కంప్యూటరూ తన నౌకను తానే నడుపుకుంటుంది గనుక ఇద్దరికి ఒకే నౌక వేర్వేరు చోట్ల ఉండవచ్చు. దీనికి పరిష్కారంగా ఒక సభ్యుడు నౌకను నడిపి, దాని స్థానాన్ని ఇతరులకు పంపే పద్ధతిని రూపొందించారు.

ప్రాముఖ్యత

పాత విక్రాంత్ 1997 జనవరి 31న సేవ నుండి విరమించింది. కొంతకాలం ముంబైలో ప్రదర్శనశాలగా ఉండి, 2014 నవంబరు నుండి విడగొట్టబడింది. 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరిన కొత్త విక్రాంత్‌లో కాటపుల్టు లేదు. ముందుభాగాన పైకి వంగిన తలం మీదుగా విమానాలు ఎగురుతాయి. సీ హాక్ విమానాన్ని గోవాలోని నౌకా విమానయాన ప్రదర్శనశాలలో చూడవచ్చు గాని, అది నౌకపై దిగే తీరును చూసే అవకాశం ఇక లేదు. ఆ అనుభవాన్ని కొంతవరకైనా అందించగలిగినది సిమ్యులేటరే. అందుచేత ఏ రకం, ఏ సంవత్సరం, ఏ నౌక అన్న వివరాలు తప్పుగా ఉంటే, చూసేవారికి ఆ తప్పే చరిత్రగా మిగిలిపోతుంది.

ఇవి కూడా చూడండి

• ఐఎన్ఎస్ విక్రాంత్
• తూర్పు నౌకాదళ కమాండ్
• పీఎన్ఎస్ ఘాజీ
• సూపర్‌మెరీన్ సీఫైర్
• ఫ్లైట్ సిమ్యులేటర్