చార్మినార్ వీధుల్లో కెమెరా

హైదరాబాద్ వీధుల్లో కెమెరాతో తిరగడం తొలినాళ్లలో ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. గాజుపలకకు రసాయనం పూసి, అది ఆరేలోగా ఫొటో తీసి, అక్కడికక్కడే కడగాలి; అందుకు చీకటి గుడారం కూడా వెంట మోయాలి. 1880లలో ముందే తయారైన పొడి పలకలు వాడుకలోకి రావడంతో ఆ బరువు తప్పింది. మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టిన లాలా దీన్‌దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టింది ఆ దశాబ్దంలోనే. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరైనా ఆయన దర్బారులకే పరిమితం కాలేదు. చార్మినార్‌నూ, దాని ముందరి వీధినీ పలకల మీదికి ఎక్కించాడు. నగర చరిత్రకు రాజుల నిలువెత్తు చిత్రాల కన్నా ఈ వీధి దృశ్యాలే అమూల్యం. ఆయన 1905లో మరణించాడు. రీలు ఫిల్ముతో నడిచే లైకా కెమెరా 1925లో మార్కెట్లోకి వచ్చాక, స్టాండూ సహాయకులూ లేకుండా ఒక్కరే నడుస్తూ ఫొటోలు తీయడం తేలికైంది.