శ్వాసా, నాడియా? హైదరాబాదు క్లోరోఫాం పరిశోధనలు – బాలల మత్తువైద్యం

1848లో ఇంగ్లండులోని న్యూకాజిల్ సమీపాన, కాలిగోరు తొలగింపు కోసం క్లోరోఫాం పీల్చిన 15 ఏళ్ల హానా గ్రీనర్ మరణించింది. ఆ మందు వల్ల సంభవించినట్లు నమోదైన తొలి మరణమిది. ఇటువంటి మరణాలకు శ్వాస ఆగడం కారణమా, గుండె ఆగడమా అన్న వివాదం ఆరవ నిజాం పోషణలో 1888, 1889లలో జరిగిన హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లకు దారితీసింది. శ్వాసను గమనిస్తే చాలునని, నాడిని చూడనక్కరలేదని ఎడ్వర్డ్ లారీ వాదించాడు. ఇది సగమే సత్యం. తేలికపాటి మత్తులోనూ గుండె లయ తప్పి ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై ప్రయోగాలతో నిరూపించాడు. అయినా హైదరాబాదు శ్వాసకిచ్చిన ప్రాధాన్యం వ్యర్థం కాలేదు. నేడు బాలల మత్తులో ఎదురయ్యే ప్రమాదాలలో శ్వాససంబంధమైనవే అధికం. అందుకే నాడితోపాటు, విడిచే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడునూ యంత్రంతో కొలుస్తున్నారు. రాబోయే పద్ధతులేవైనా ఈ రెంటిలో దేనినీ విస్మరించరాదు.