పోకేమాన్ ఆటల్లో ప్రత్యర్థి పాత్ర

పోకేమాన్ వీడియో గేముల్లో కథానాయకుడితో పాటే ప్రయాణం మొదలుపెట్టి, దారి పొడుగునా ఎదురవుతూ పోరుకు దిగే సాటి శిక్షకుణ్ణి ప్రత్యర్థి అంటారు. ఆడేవారు ఎక్కువగా రైవల్ అనే పిలుస్తారు. ఈ పాత్ర ప్రతినాయకుడు కాదు. పోకేమాన్లను దొంగిలించడం, లోకాన్ని తలకిందులు చేయాలనుకోవడం టీమ్ రాకెట్ వంటి ముఠాల పని. ప్రత్యర్థికీ కథానాయకుడికీ ఉన్న గమ్యం ఒక్కటే, దాన్ని ముందు ఎవరు చేరుకుంటారన్నదే వాళ్ల మధ్య పేచీ. ప్రత్యర్థి తన జట్టును తానే పెంచుకుంటాడు. అందుకే అతడు ఎలాంటివాడో, ఎంత మారాడో చెప్పడానికి సంభాషణల కంటే ఆ జట్టే ఎక్కువ పనికొస్తుంది. ఈ వరుసలో గుర్తుండిపోయిన ప్రత్యర్థులందరికీ ఈ లక్షణం ఉంది.

పూర్వరంగం

రాక్షసులను, భూతాలను కూడగట్టుకుని పోరాడే ఆటలు పోకేమాన్‌కు ముందే జపాన్‌లో ఉన్నాయి. 1992లో సూపర్ ఫామికామ్ మీద వచ్చిన షిన్ మెగామి టెన్సెయ్‌లో నాయకుడి వెంట నడిచిన ఇద్దరు మిత్రులు చివరకు చెరో సిద్ధాంతం పక్షాన నిలిచి అతనికి ఎదురు తిరుగుతారు. 1997లో బొమ్మగా మొదలైన డిజిమాన్‌లో రెండు పరికరాలను కలిపి పోరాడించాలి కాబట్టి అక్కడ ప్రత్యర్థి ఎదురుగా కూర్చున్న స్నేహితుడే.

తొలి రూపం: రెడ్, గ్రీన్ (1996)

పోకేమాన్ రెడ్, గ్రీన్ 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో గేమ్ బాయ్ మీద విడుదలయ్యాయి. తయారుచేసింది గేమ్ ఫ్రీక్ సంస్థ. రూపకర్త సతోషి తజిరి, బొమ్మలు గీసినవాడు కెన్ సుగిమోరి. రెండు గేమ్ బాయ్‌లను కలిపే కేబుల్ గుండా జీవులు ఒకచోటు నుంచి మరోచోటుకు వెళ్లడమన్నది తజిరి మూల ఊహ. ఒక్కరే కూర్చుని ఆడుతున్నప్పుడు కూడా పక్కన ఇంకొకరు ఆడుతున్నట్టు అనిపించేలా చేసే పనిని కథలో ప్రత్యర్థి పాత్ర మోసింది.

ఆ ప్రత్యర్థి ప్రొఫెసర్ ఓక్ మనుమడు, కథానాయకుడి పక్కింటి పిల్లవాడు. ఆట మొదట్లోనే ఓక్ తన మనుమడి పేరు మరిచిపోయి, గుర్తుచేయమని ఆడేవారినే అడుగుతాడు. అలా ప్రత్యర్థికి పేరు పెట్టే పని ఆడేవారి చేతికే వస్తుంది. చాలామంది పిల్లలు తమకు పడని తోటివాడి పేరో, అన్నదమ్ముల పేరో పెట్టేవారు. జపాన్ ప్రతిలో ఇచ్చిన పేర్లలో సతోషి, షిగెరు ఉన్నాయి. మొదటిది తజిరి పేరు, రెండోది నింటెండో రూపకర్త షిగెరు మియమోటో పేరు. 1997 ఏప్రిల్ 1న ప్రారంభమైన టీవీ ధారావాహిక ఈ రెంటినే వాడుకుంది. ఇంగ్లీషులో సతోషి యాష్ అయ్యాడు, షిగెరు గ్యారీ అయ్యాడు. భారతదేశంలో కార్టూన్ నెట్‌వర్క్ చూసి పెరిగిన తరానికి, తెలుగు పిల్లలతో సహా, ఈ పాత్ర ఆటకంటే ముందు కారులో దిగే గ్యారీగానే పరిచయం. ఆటలో మాత్రం ఇంగ్లీషు ప్రతుల వాడుక పేరు బ్లూ.

ప్రయోగశాలలో బల్ల మీద మూడు బంతులుంటాయి. బల్బసార్, చార్మాండర్, స్క్వర్టల్‌లలో కథానాయకుడు ఏది తీసుకుంటే దానిపై పైచేయి ఉన్నదాన్ని బ్లూ ఎంచుకుంటాడు. నిప్పును తీసుకుంటే అతడు నీటిని పట్టుకుంటాడు. అక్కడికక్కడే పోరుకు పిలుస్తాడు. ఇరువైపులా అయిదో స్థాయి పోకేమాన్ ఒక్కొక్కటే. ఓడినా కథ ఆగదు. కాసేపటి తర్వాత ఓక్ ఇద్దరికీ పోకేమాన్ల వివరాలు నమోదు చేసే పోకెడెక్స్ అప్పగించినప్పుడు, కథానాయకుడికి ఊళ్ల పటం ఇవ్వొద్దని తన అక్కతో చెబుతానని బెదిరించి బయలుదేరతాడు. పక్కింటికి వెళ్లి అడిగితే ఆమె పటం ఇచ్చేస్తుంది. ఈ చిన్న ఘట్టంలో పాత్ర మొత్తం కనిపిస్తుంది. గొప్పలు ఎక్కువ, దురుసు ఎక్కువ, అసలు హాని చేసే బుద్ధి లేదు.

తర్వాత సెరూలియన్ సిటీ దగ్గర, ఎస్.ఎస్. ఆన్ నౌకలో, లావెండర్ టౌన్ సమాధుల గోపురంలో, సిల్ఫ్ కంపెనీ భవనంలో, విక్టరీ రోడ్‌కు ముందు అతడు ఎదురవుతాడు. ప్రతిసారీ ఒక అడుగు ముందే ఉంటాడు. అతడి జట్టును వరుసగా గమనిస్తే ప్రయాణం చదువుకున్నట్టే ఉంటుంది. సెరూలియన్‌లో ఆబ్రా, నౌకలో కడాబ్రా, సిల్ఫ్‌లో అలకజామ్. కడాబ్రా అలకజామ్‌గా మారాలంటే కేబుల్ గుండా ఇంకొకరితో మార్పిడి చేసుకోవాలి. కేబుల్ లేని పిల్లవాడికి అలకజామ్ దక్కదు, బ్లూ దగ్గర మాత్రం ఉంటుంది. అతడికి తెరవెనుక ఒక జీవితం ఉందన్న నమ్మకం ఇలాంటి వివరాల వల్ల కలుగుతుంది. నౌకలో ఉన్న రటికేట్ సమాధుల గోపురం నాటికి జట్టులో కనిపించదు. అది చనిపోయిందనీ అందుకే అతడు అక్కడికి వచ్చాడనీ అభిమానులు చాలాకాలంగా చెప్పుకుంటున్నారు. ఆటలో ఎక్కడా ఆ మాట లేదు. జట్టులో ఒక్క ఖాళీ చుట్టూ అంత కథ అల్లుకుందంటే, ఆడేవారు ప్రత్యర్థి జట్టును ఎంత శ్రద్ధగా చూస్తారో తెలుస్తుంది.

ముగింపు ఇప్పటికీ ఈ వరుసలో సాటిలేనిది. ఆట చివర ఎదురయ్యే నలుగురు మేటి శిక్షకులు, అంటే ఎలీట్ ఫోర్‌లో చివరివాడైన లాన్స్‌ను గెలిచాక, ఛాంపియన్ కావడానికి ఇంకొకరు అడ్డున్నారని అతడే చెబుతాడు. లోపలి గదిలో నిలుచున్నది బ్లూ. కాస్త ముందే వచ్చి ఛాంపియన్ పీఠం ఎక్కేశాడు. అతడి మొదటి పోకేమాన్ ఇప్పుడు 65వ స్థాయిలో ఉంటుంది. ఓడిన వెంటనే ఓక్ వచ్చి గెలిచినవాణ్ణి మెచ్చుకుంటాడు. పోకేమాన్లను నమ్మకంతో, ప్రేమతో చూడడం మరిచిపోయావు కనుకే ఓడావని మనుమడితో అంటాడు. ఆట పొడుగునా విసుగెత్తించిన పిల్లవాడిపై జాలి కలిగేది అప్పుడే. తాత చేతనే ఆ మాట అనిపించిన రచన ధైర్యమైనది.

1998 సెప్టెంబరు 12న వచ్చిన ఎల్లో ప్రతిలో, కథానాయకుడికి దక్కవలసిన ఈవీని ప్రత్యర్థి లాక్కుంటాడు. అది ఏ రూపం తీసుకుంటుందో తొలి రెండు పోరాటాల ఫలితాన్ని బట్టి నిర్ణయమవుతుంది. ప్రయోగశాలలోనూ రూట్ 22లోనూ గెలిస్తే అది జోల్టియాన్ అవుతుంది. మొదటిది గెలిచి రెండోది ఓడితే ఫ్లేరియాన్. రెండూ ఓడితే వేపోరియాన్. ఆడేవారి చేతలు ప్రత్యర్థిని మలచడమన్నది ఇంత సూటిగా మళ్లీ అరుదుగా జరిగింది.

గోల్డ్, సిల్వర్ (1999)

1999 నవంబరు 21న వచ్చిన ఈ రెండు ఆటల్లో ప్రత్యర్థి పక్కింటివాడు కాదు, దొంగ. ప్రొఫెసర్ ఎల్మ్ ప్రయోగశాల కిటికీ బయట నిలబడి లోపలికి తొంగిచూసే ఎర్రజుట్టు పిల్లవాడు అక్కడి నుంచి ఒక పోకేమాన్‌ను ఎత్తుకుపోతాడు. అది కథానాయకుడి ఎంపికపై పైచేయి ఉన్నదే. పోలీసు వచ్చి దొంగ పేరు అడిగినప్పుడు ఆడేవారు చెప్పేదే అతడి పేరు. వాడుకలో సిల్వర్ అంటారు.

బలహీనమైన పోకేమాన్లు పనికిరావని, బలమే సర్వస్వమని సిల్వర్ వాదన. మహోగనీ టౌన్‌లోని టీమ్ రాకెట్ స్థావరంలో అతడు లాన్స్ చేతిలో ఓడి, పోకేమాన్లను ప్రేమించడం లేదన్న మాట పడి, ఆ కోపంతో ఎదురవుతాడు. ఓటమి తర్వాత ఓటమి అతణ్ణి ఆలోచనలో పడేస్తుంది. ఈ మార్పును ఆట సంభాషణలతో చెప్పి ఊరుకోలేదు. విక్టరీ రోడ్‌లోనూ తర్వాత మౌంట్ మూన్‌లోనూ అతడి దగ్గర ఉన్నది గోల్‌బ్యాట్. ఆపై ఇండిగో ప్లాటోలో సోమ, బుధ వారాల్లో ఎదురైనప్పుడు అది క్రోబ్యాట్‌గా మారి ఉంటుంది. గోల్‌బ్యాట్ స్థాయి పెరిగినంత మాత్రాన క్రోబ్యాట్ కాదు, తన శిక్షకుడిపై మమకారం పెరిగితేనే అవుతుంది. ఆ సంగతి తెలిసినవారికి క్రోబ్యాట్ తెరమీదికి రావడమే చాలు. మంగళ, గురు వారాల్లో డ్రాగన్ల గుహలో సాధన చేస్తూ కనిపించేది కూడా అతడే. ప్రత్యర్థి పాత్ర చరిత్రలో ఇంతకంటే నేర్పుగా చెప్పిన మార్పు లేదు. 2009లో వచ్చిన హార్ట్‌గోల్డ్, సోల్‌సిల్వర్ పునర్నిర్మాణాలు అతడు టీమ్ రాకెట్ అధిపతి జియోవానీ కొడుకని, సెలెబీ అనే పోకేమాన్ వచ్చే ఘట్టంలో చూపించాయి.

బ్లూ ఈ ఆటల్లో విరిడియన్ సిటీ జిమ్ లీడర్‌గా కుదురుకున్నాడు.

2002 నుంచి 2009 వరకు

రూబీ, సఫైర్ (2002)లో ప్రొఫెసర్ బర్చ్ బిడ్డతో పాటు వాలీ అనే అనారోగ్యపు పిల్లవాడున్నాడు. కథానాయకుడి సాయంతో రాల్ట్స్‌ను పట్టుకుని, చివరికి విక్టరీ రోడ్‌లో తనంత తానుగా ఎదురు నిలిచే వాలీ కథ చిన్నదైనా మంచిది. డైమండ్, పర్ల్ (2006)లో ఎప్పుడూ పరుగులు తీసే బ్యారీ వచ్చాడు.

బ్లాక్, వైట్ (2010)

2010 సెప్టెంబరు 18న విడుదలైన బ్లాక్, వైట్‌కు జునిచి మసుద దర్శకత్వం వహించాడు. ఇక్కడ పోటీ ఇద్దరు చిన్ననాటి స్నేహితులతో, చెరెన్, బియాంకాలతో మొదలవుతుంది. తొలి పోరాటం కథానాయకుడి పడకగదిలోనే జరుగుతుంది. గది నిండా అడుగుల ముద్రలు పడి, అమ్మకు క్షమాపణ చెప్పుకోవలసి వస్తుంది. చెరెన్ కథానాయకుడిపై పైచేయి ఉన్నదాన్ని తీసుకుంటాడు, బియాంకా లోబడినదాన్ని తీసుకుంటుంది. ఆ ఎంపికలోనే ఇద్దరి తీరు తెలిసిపోతుంది.

నింబాసా సిటీలో బియాంకా తండ్రి వచ్చి కూతుర్ని ఇంటికి రమ్మని పట్టుబడతాడు. జిమ్ లీడర్ ఎలీసా కలగజేసుకున్నాక ప్రయాణం కొనసాగుతుంది. తాను అందరికంటే బలవంతురాలు కాలేనని గ్రహించిన బియాంకా తర్వాత ప్రొఫెసర్ జునిపర్‌కు సహాయకురాలవుతుంది. బలం ఎందుకు కావాలో తెలియక తికమకపడిన చెరెన్ 2012 నాటి కొనసాగింపులో జిమ్ లీడర్‌గా పిల్లలకు పాఠాలు చెబుతుంటాడు. ఓడిపోయిన ప్రత్యర్థికి కూడా ఆట తర్వాత ఒక బతుకు ఉందని ఈ ఇద్దరి కథ చెప్పింది.

ఈ ఆటల అసలు బలం ఎన్. టీమ్ ప్లాస్మా రాజుగా బయటపడే ఈ యువకుడు పోకేమాన్ల మాట వినగలడు. వాటిని మనుషుల నుంచి విడిపించాలని నమ్ముతాడు. ఎదురైన ప్రతిసారీ అతడి జట్టు వేరుగా ఉంటుంది, ఆ చుట్టుపక్కల దొరికేవాటితో పోరాడతాడు. పోకేమాన్లను కట్టిపడేయకూడదన్న అతడి నమ్మకం జట్టులోనే ఉంది. కథానాయకుడు చేరేలోపే అతడు ఛాంపియన్ ఆల్డర్‌ను ఓడించి ఉంటాడు. కథానాయకుడి పక్షాన రెషిరామ్ ఉంటే అతడి పక్షాన జెక్రోమ్, లేదా అటుది ఇటు. ఈ ఆటల్లోని ప్రత్యర్థుల్లో ఆడేవారి వాదనను నిజంగా ప్రశ్నించినవాడు ఎన్ ఒక్కడే.

మిత్ర ప్రత్యర్థులు (2013 తర్వాత)

ఎక్స్, వై (2013) నుంచి ప్రత్యర్థి దాదాపు ఎల్లప్పుడూ మిత్రుడే. సన్, మూన్ (2016)లో హావు కథానాయకుడి పోకేమాన్‌కు లోబడినదాన్నే ఎంచుకుంటాడు. స్వోర్డ్, షీల్డ్ (2019)లో హాప్, స్కార్లెట్, వయొలెట్ (2022)లో నెమోనా కూడా అంతే చేస్తారు. 1996లో ప్రత్యర్థి ఎంపిక ఒక సవాలు, ఇక్కడ అది ఒక మర్యాద. మొదటి నుంచీ గెలుపు సులువైనందున ఈ పాత్రల ఓటమి ఎవరినీ పెద్దగా కదిలించదు. పిల్లలు నిరుత్సాహపడకూడదన్న ఆలోచనలో మంచి ఉంది కానీ, ఓడిపోతానేమోనన్న భయం లేని చోట పోటీ పల్చబడుతుంది.

హాప్ కథలో మాత్రం ఒక మంచి భాగం ఉంది. అతడి అన్న లియాన్, గెలార్ ప్రాంతపు ఛాంపియన్. బీడ్ అనే మరో ప్రత్యర్థి హాప్‌ను ఓడించి, నీ వల్ల అన్న పేరు చెడుతుందని గాయపరుస్తాడు. ఆ తర్వాత హాప్ జట్టు కుదురుగా ఉండదు. మొదటి నుంచీ తోడున్న వూలూ కూడా పక్కకు పోతుంది. ఒక్కో పోరాటానికి కొత్త కొత్త పోకేమాన్లు వస్తాయి. చివరకు వూలూ డబ్‌వూల్‌గా ఎదిగి జట్టులోకి తిరిగొచ్చినప్పుడు హాప్ కూడా తేరుకుంటాడు. చివరికి ఛాంపియన్ కావాలన్న కలను వదిలి పరిశోధన వైపు వెళతాడు.

కీరన్ (2023)

స్కార్లెట్, వయొలెట్ అదనపు కథలు రెండు. ద టీల్ మాస్క్ 2023 సెప్టెంబరు 13న, ది ఇండిగో డిస్క్ అదే ఏడాది డిసెంబరు 14న వచ్చాయి. కిటకామిలోని బిడియస్తుడైన కీరన్‌కు ఊరి కథల్లోని రాక్షసి అంటే ప్రాణం. ఆ రాక్షసి అయిన ఓగర్‌పాన్‌ను కథానాయకుడు, కీరన్ అక్క కార్మైన్ కలుసుకున్నారు, ఆ సంగతి అతడికి చెప్పలేదు. నిజం తెలిశాక, ఓగర్‌పాన్ కూడా కథానాయకుణ్ణే ఎంచుకున్నాక, ఆరాధన అసూయగా మారుతుంది. రెండో కథ నాటికి అతడు బ్లూబెరీ అకాడమీ ఛాంపియన్, తోటి విద్యార్థులపై కటువుగా ఉండేవాడు. మొదటి కథలో అతడి జట్టులో ఉన్న డిప్లిన్ ఇప్పుడు హైడ్రాపుల్‌గా ఎదిగింది.

ఇక్కడ తప్పు ఆడేవారిది కూడా. కార్మైన్ దాచమన్నప్పుడు దాచింది వాళ్లే, కీరన్ మనసు విరిగింది వాళ్ల వల్లే. బ్లూ దురుసుతనానికీ సిల్వర్ కోపానికీ ఆడేవారు కారణం కాదు, కీరన్ ద్వేషానికి కారణమే. అన్నీ ముగిశాక మళ్లీ స్నేహితులమవుదామా అని అడిగేది అతడే. 1999 నాటి సిల్వర్ తర్వాత ఈ వరుసలో వచ్చిన అత్యుత్తమ ప్రత్యర్థి కీరన్.