ఫిరంగుల ప్రతాపము

చతురంగ బలములలో రథము ఎన్నడో వెనుకబడిపోయినది. ఆ ఖాళీ యింట ఫిరంగి వచ్చి కూర్చుండెను. ఏనుగునకు మేత, గుఱ్ఱమునకు దాణా, భటునకు జీతము ముట్టజెప్పిన ఏలికకు ఆ బలము ఏపాటిదో కొంతవరకు తెలియును. ఫిరంగి విషయమట్లు కాదు. దానిని పోతపోయించుటకు ధనము, లాగించుటకు వందల యెడ్లు, నింపుటకు మందుగుండు, పేల్చుటకు పరదేశపు పనివాడు కావలెను. ఇన్నియు సమకూర్చిన పిమ్మటగూడ అది యుద్ధదినమున ఏమిచేయునో చెప్పగలవాడు లేడు. దక్కను చరిత్రలో ఆశ పెట్టుకొన్న ఫిరంగి నిరాశ చేసిన సందర్భములును, ఎవరును లెక్కకుగొనని తుపాకి కోటలు పట్టియిచ్చిన సందర్భములును కలవు. ఈ రెండును ఒక్క యుద్ధముననే కానవచ్చుట వింత. ఆ యుద్ధము 1520లో రాయచూరు కొఱకు జరిగినది.

కృష్ణా తుంగభద్రల నడిమి అంతర్వేది కొఱకు విజయనగరమునకును, బహమనీలకును, వారి తరువాత బిజాపురమునకును తరతరముల వైరము. ఆ నేలకు తాళపుచెవి రాయచూరు దుర్గము. దాని రాతిగోడ కాకతీయుల కాలమున 1294లో గోరె గన్నయరెడ్డి కట్టించినది. ఆ గోడలో నలువది అడుగులకు మించిన పొడవుగల ఒకే శిల నేటికిని నిలిచియున్నది. దానిని బండిమీద లాగుకొనివచ్చిన తీరును అక్కడనే చెక్కినారు.

1520లో కలహమునకు కారణము డబ్బు. గోవాలో గుఱ్ఱములు కొనుటకై కృష్ణదేవరాయలు ఒక వర్తకునకు నలువదివేల వరహాలిచ్చి పంపెననియు, అతడు ఆ పైకముతో ఆదిల్‌షా రాజ్యమునకు పారిపోయెననియు, అడిగినను అప్పగింపరైరనియు పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసెను. ఇతడు ఆ యుద్ధమునకు పదునైదేండ్ల తరువాత విజయనగరమున నుండి, అక్కడ విన్నవి గ్రంథస్థము చేసినవాడు. ఆ వ్రాతప్రతి మూడువందల యేండ్లకు పైగా ఐరోపాలోని గ్రంథాలయములలో ఎవరికిని పట్టక పడియుండెను. 1897లో అచ్చుపడినది. 1900లో మదరాసు సర్కారు కొలువు చేసిన స్యూయల్ దొర దానిని ఇంగ్లీషులోనికి మార్చి తన గ్రంథమున చేర్చెను. ఒక పుస్తకము ఏదో బీరువాలో చెదలు పట్టకుండ మిగిలియున్నందున గదా రాయల యుద్ధము ఇంత వివరముగా మనకు దక్కినది! నూనిజ్ చెప్పిన సేనల సంఖ్యలను మాత్రము యథాతథముగా పద్దు వ్రాసికొనరాదు. రాయల వెంట ఏడులక్షల పదాతులనుట వినుటకే గాని, వారందఱకు పూటకు ఎన్ని పుట్ల బియ్యము కావలయునో లెక్క వేసినచో నిలువదు.

రాయలు రాయచూరును ముట్టడించియుండగా ఇస్మాయిల్ ఆదిల్‌షా కృష్ణ దాటి వచ్చెను. ఆయన ధైర్యమంతయు ఫిరంగులమీదనే. బిజాపురమువారు ఈ విద్యలో తురుష్క దేశపు పనివారిని చేరదీసి ముందంజ వేసినవారు. విజయనగర సేనకు అట్టి సామగ్రి లేదు. మే నెల 19వ తేదీ ఉదయమున రాయల ముందుబలము కదలి రాగానే, ఆదిల్‌షా తన ఫిరంగుల నన్నింటిని ఒక్కసారిగా పేల్పించెను. ఆ దెబ్బకు ముందువరుసలు కూలినవి. మిగిలినవారు వెన్నిచ్చిరి. బిజాపుర భటులు తరుముకొనుచు పోయిరి. అంతవరకు ఫిరంగి తనమీద పెట్టిన ఆశకు పదింతలు చేసినట్లే కనబడెను.

అన్నింటిని ఒక్కసారిగా పేల్చుటలోనే చేటున్నది. ఆ నాటి పెద్ద ఫిరంగి ఒకసారి పేలినచో దాని గొట్టము చల్లారవలెను, తుడువవలెను, మందు కూరవలెను, గుండు దింపవలెను. ఆ పని గడియలమీద జరుగునుగాని రెప్పపాటున జరుగదు. పైగా పారువారిని తరుముచు తమ సేనయే ఫిరంగులకు అడ్డముగా పోయినపుడు మరల నింపినను పేల్చుట ఎవరిమీద? ఆ సందున రాయలు రెండవ బలముతో నిలిచెను. చావు తప్పదని తలచి వేలి యుంగరము తీసి, రాణులకు గుర్తుగా చూపుమని పరిచారకున కిచ్చి, గుఱ్ఱమెక్కి ముందునకు దూకెనని నూనిజ్ చెప్పెను. చెదరిపోయి తరుముచున్న బిజాపుర సేన ఆ తాకిడికి ఆగలేకపోయెను. వెనుక కృష్ణానది. కత్తికి చిక్కనివారు నీటికి చిక్కిరి. ఆదిల్‌షా ఏనుగు నెక్కి బయటపడెను. నాలుగువందల పెద్ద ఫిరంగులు, వానిని మోయు బండ్లు తొమ్మిదివందలు, గుఱ్ఱములు నాలుగువేలు రాయల చేజిక్కెనని లెక్క చెప్పినారు. నూటి కింత తరుగు తీసినను పెద్ద లెక్కయే. ఫెరిస్తా కథ వేఱు. ఆయన దాదాపు వందేండ్లకు బిజాపురముననే వ్రాయుచు, సుల్తాను మద్యము సేవించి తొందరపడి స్వల్పసేనతో నది దాటెనని చెప్పి, తప్పును ఫిరంగినుండి మధుపాత్రమీదికి నెట్టెను. ఓడినవారి చరిత్రకారుడు ఏదో ఒక సాకు చూపవలెను గదా.

గెలిచినను రాయచూరు కోట లొంగలేదు. కోటమీద రెండువందల పెద్ద ఫిరంగులున్నవట. రాయల భటులు ఫిరంగులతో గాక గునపములతో, పారలతో గోడ పాదమున పడి రాళ్లు పెరుకుచుండిరి. పెరికి తెచ్చిన రాతి పరిమాణమునుబట్టి దళవాయులు రొక్కము చెల్లించుచుండిరి. కోటలోని పెద్ద ఫిరంగులు ఎత్తుననుండి దూరమునకు గుఱిపెట్టినవే గాని గోడ క్రిందికి వంగవు. గోడను పట్టుకొని పనిచేయువారికి పైనుండి పడు బాణములు, రాళ్లు, తుపాకి గుండ్లే మృత్యువు. డబ్బుకై ఆశపడి ఎందఱు సామాన్యులు ఆ గోడ క్రింద మడిసిరో ఎవరును పద్దు వ్రాయలేదు.

అట్టి సమయమున గోవానుండి గుఱ్ఱములు అమ్ముటకు వచ్చిన క్రిస్తోవాఁ ద ఫిగేరెదు అను పోర్చుగీసువాడు రాయల దర్శనమునకు వచ్చెను. వెంట ఇరువదిమంది తుపాకివారు. ముట్టడి ఎట్లు జరుగుచున్నదో చూచుటకు అనుమతి వేడెను. ఆ ఇరువదింటిని ఎవరు లెక్కించిరి? వారు గోడకు దగ్గఱగా పోయి, పైనుండి తల బయటపెట్టినవానినెల్ల గుఱిచూచి కూల్చసాగిరి. అంతవరకు నిర్భయముగా వంగి రాళ్లు వేయుచుండిన కోటవారు తల చూపుటకు జంకిరి. క్రిందివారు నిరాటంకముగా గోడ పెరికిరి. కొన్నాళ్లకు కోటాధిపతియే గండి ఎంతవరకు వచ్చినదో చూడవలెనని తొంగిచూడగా, తుపాకిగుండు నొసట తగిలి కూలెను. మఱునాడు కోట వశమయ్యెను. నాలుగువందల ఫిరంగులకు దక్కని కీర్తి ఇరువది చేతితుపాకులకు దక్కెను.

ఇది జరిగిన ఆరేండ్లకు, 1526లో పానిపట్టున, బాబరు ఫిరంగులు నెగ్గిన సంగతి బడిపిల్లలకును తెలిసినదే. అక్కడ బండ్లను తోలుత్రాళ్లతో వరుసగా కట్టి, వాని చాటున ఫిరంగులను, తుపాకివారిని నిలిపి, శత్రువు తమమీదికి వచ్చువరకు ఓర్చి, రౌతులచేత ఇరుప్రక్కల చుట్టించినారు. ఫిరంగివాడు గెలిచెననుటకంటె ఓర్చినవాడు గెలిచెననుట ఉచితము.

1565 జనవరి 23న రాక్షసి-తంగడి యుద్ధమున ఆ పాఠము విజయనగరమునకే ఎదురుతిరిగెను. అహమ్మదునగర సుల్తాను సేనలో రూమీఖాను ఆఱువందల ఫిరంగులను మూడువరుసలుగా గొలుసులతో బంధించి, వాని ముందు విలుకాండ్రను నిలిపి మఱుగుచేసెననియు, రామరాయల భటులు చేరువకు రాగానే విలుకాండ్రు తొలగిపోయిరనియు, చివరకు గుండ్లకు బదులు రాగి పైకపు సంచులు కూరి పేల్చిరనియు ఫెరిస్తా చెప్పెను. పెద్దగుండు ఒక దారిన పోవును. చిల్లర పైకము నలుదెసలకు చిమ్మును. రాగి పైసలతో ఒక మహానగరమును కొన్నట్లయ్యెను.

గోలకొండ సంగతి వేఱు. ఇచ్చట ఆశపడినవాడు ఆలంగీరు ఔరంగజేబు. హిందూస్థానమున అంత ధనము, అంత మందుగుండు మఱియొకరికి లేదు. 1686లో బిజాపురము పట్టి, 1687 ఆరంభమున గోలకొండ మీదికి వచ్చెను. అప్పటికే అక్కన్న మాదన్నలు హతులైరి. తానీషా ఒంటరియై కోటలో తలుపులు వేసికొనెను. కోట ఫిరంగి మొదటనే ఒక పెద్ద తలకాయను తీసికొనెను. కిలిచ్‌ఖాను అను వృద్ధ సేనాని చేతికి గుండు తగిలి, ఆ గాయముతోనే కొలది దినములకు మరణించెను. వైద్యులు ఎముక ముక్కలు తీయుచుండగా ఆయన రెండవచేత కాఫీ త్రాగుచుండెనను కథ కలదు. ఆ వృద్ధుని మనుమడే ఆసఫ్‌జా. ఆయన సంతతి 1948 వరకు అదే గోలకొండ దేశము నేలినది. తాతను చంపిన కోట మనుమని సొత్తయ్యెను.

నెలలు గడచినను మొగలు ఫిరంగులకు గోలకొండ లొంగలేదు. కారణము దూరపుది కాదు. ఆ కొండ నల్లరాతి కొండ. గోడలు ఆ బండలమీదనే, బండలను కలుపుకొని లేచినవి. ఎక్కడ గుండు తగిలినను సున్నము రాలునే గాని కొండ కదలదు. నాటి మూసా బురుజు శాసనము తెలుగునను పారసీకమునను చెక్కియున్నది. ఒకనాటి రాత్రి మొగలులు నిచ్చెనలు వేసి ఎక్కబోగా కుక్క మొఱిగి కావలివారిని లేపెననియు, తానీషా ఆ కుక్కకు బంగారు గొలుసు వేయించెననియు చెప్పుదురు. అంతటి చక్రవర్తి ఆయుధాగారముకంటె ఒక ఊరకుక్క ఆ రాత్రి ఎక్కువ పనిచేసినది.

ఫిరంగులు చాలవని తెలిసి సొరంగములు త్రవ్వించి బురుజుల క్రింద వందలాది మణుగుల మందు కూర్చినారు. జూను మాసమున నిప్పంటించినారు. కోటవారు లోపలినుండి ఎదురుసొరంగము త్రవ్వి, చాలమందు దోచుకొని, మిగిలినదానిని నీటితో తడిపియుండిరి. తడియని మందు మొగలుల వైపుననే మిగిలెను. అది పేలినపుడు బురుజు నిలిచెను. బయట దాడికి సిద్ధముగా నిలిచినవారిమీద రాళ్లు, మన్ను కురిసినవి. వెయ్యిమందికి పైగా చచ్చిరని లెక్క. రెండవ సొరంగమును అట్లే వెనుదిరిగెను. అప్పటికే కఱవు, వానలు, అంటురోగములు శిబిరమును పీడించుచుండెను. పంచాంగములలో పేరుకెక్కని ఏ బడుగు సిపాయి ఇంటనైనను ఆ యేడు ఏడ్పు తప్పియుండదు.

చివరకు సెప్టెంబరు 21వ తేదీ తెల్లవాఱుజామున ఒక తలుపు తెఱచుకొనెను. అది గుండు వలన తెఱచుకొనలేదు. అబ్దుల్లాఖాను పణీ అను కోటలోని సర్దారు లంచము తిని తీసెను. అబ్దుల్ రజాక్ లారీ ఒక్కడు మాత్రము లొంగక, ఒడలెల్ల గాయములై పడిపోవువఱకు కత్తి విడువలేదు. ఎనిమిది మాసములలో ఎన్ని మణుగుల మందు కాలెనో, దానివెలకు ఆ లంచము ఎన్నవవంతో ఎవరైన లెక్క కట్టినచో ఆసక్తికరముగా నుండును. ఔరంగజేబు పోయించిన రెండు గొప్ప ఫిరంగులు నేటికిని గోలకొండ బురుజులమీద ఉన్నవి. ఒకదాని పేరు ఫతే రహబర్, అనగా విజయమునకు దారిచూపునది. రెండవది అజ్దహా పైకర్, మహాసర్పమువంటి దేహము గలది. రెండింటిని మహమ్మదలీ అరబ్ అను పనివాడు 1672, 1674లలో పోసెను. పనితనము అద్భుతము. దారి చూపినది మాత్రము తలుపు తీసినవాడు.

పెద్ద ఫిరంగులు లేనిచోట వెదురుగడకు కట్టిన ఇనుపగొట్టము ఎంతపని చేసెనో మైసూరువారి అగ్నిబాణములు చూపినవి. 1780లో గుంటూరు సీమనుండి కర్నల్ బెయిలీ ఆంగ్లసేనతో దక్షిణమునకు నడచిపోవుచుండగా, సెప్టెంబరు 10న కంచికి సమీపముననున్న పొల్లిలూరున హైదరు, టిప్పు అతనిని చుట్టుముట్టిరి. మందుబండ్లు పేలిపోయినవి. అగ్నిబాణమే తగిలెనని కొందఱు, ఫిరంగిగుండని కొందఱు. ఏదైనను ఆ పేలుడుతో బెయిలీ సేన చెదరిపోయెను. శ్రీరంగపట్టణమున టిప్పు తోటభవనపు గోడమీద ఆ మంట నేటికిని చిత్రరూపమున కానవచ్చును. అదే శ్రీరంగపట్టణమున 1799 మే 2న ఆంగ్లేయుల గుండు తగిలి అగ్నిబాణముల కొట్టే అంటుకొని పేలినది. రెండు దినములకు కోట పడెను. మిగిలిన బాణములను ఇంగ్లండునకు తీసికొనిపోయి పరీక్షింపగా, వానినుండియే కాంగ్రీవు దొర రాకెట్లు పుట్టినవి.

ఇక రాగిపైసలు చిమ్మిన రూమీఖాను పోయించిన మహాఫిరంగి మాలిక్-ఎ-మైదాన్ కథ. 1549లో అహమ్మదునగరమున పోసిన దీని పొడవు 14 అడుగులకు పైచిలుకు, నోటి వెడల్పు రెండడుగులకు మించును, బరువు 55 టన్నులందురు. సింహము ఏనుగును మ్రింగుచున్నట్లు దాని నోరు చెక్కబడినది. తంగడి యుద్ధమున పాల్గొన్నదని చెప్పుదురు. 17వ శతాబ్దమున బిజాపురమునకు చేర్చి షేర్జా బురుజుపై నెక్కించిరి. రాజ్యములు పోయిన పిమ్మట 1854లో సర్కారువారు దానిని వేలము వేసిరి. హెచ్చుపాట 150 రూపాయలు. అంత చవుకకు ఇచ్చుట సబబుకాదని పై అధికారి ఆ వేలము రద్దు చేయించెను. అది ఇప్పటికిని బిజాపురమున అదే బురుజుమీద నున్నది.