చూడక వ్రాయు విద్య

కోర్టు ఆవరణలలోను, తాలూకా కచేరీల వరండాలలోను చిన్న బల్ల వేసికొని, వచ్చినవారి గోడు విని అర్జీలు టైపు కొట్టి యిచ్చువారు మొన్న మొన్నటివరకును మన పట్టణములలో నుండెడివారు. వారి యంత్రమున రెండు తెల్లకాగితముల నడుమ నొక నల్లని కార్బను కాగితము చుట్టుకొని యుండుట చూడని గుమాస్తా గాని, కక్షిదారుడు గాని లేడు. ఆ నల్లకాగితమును, ఆ యంత్రమును కచేరీ వ్యవహారముల సౌకర్యమునకై వ్యాపారులు కల్పించిన వస్తువులని మనము సామాన్యముగా తలంతుము. కాని వాని తొలిరూపములు, చూపు పోయినను వ్రాత మానుటకు వీలులేని మనుష్యుల అవసరమునుండి వెలువడినవి. ఈ చరిత్ర చెప్పుకొనవలెనని నాకు తోచుటకు కారణ మొకటి గలదు. మధుమేహము, కీళ్ళవాతము, నీటికాసులు మొదలగు దీర్ఘవ్యాధులచే ఉద్యోగమధ్యమున చూపు తగ్గినవానిని ఇక పనికిరానివానినిగా జమకట్టు అలవాటు మనలో నేటికిని పోలేదు. అట్టివారు చేసిన పని యెంతటిదో, దానిని వారెట్లు చేయగలిగిరో తెలిసినచో ఆ అలవాటు కొంత సడలవచ్చునని నా ఆశ.

ఇంగ్లండులో ప్రసిద్ధమైన పింగాణీ వస్తువుల కుటుంబమునకు చెందిన రాల్ఫ్ వెడ్జ్‌వుడ్ అనునతడు 1806లో ఒక వ్రాతపరికరమునకు పేటెంటు పొందెను. పలుచని కాగితమును అచ్చుసిరాలో తడిపి ఆరబెట్టి, దానిని తెల్లకాగితముపై పఱచి, ఒక చట్రములో బిగించి, సిరా లేని మొద్దుకొన పుల్లతో పైనుండి ఒత్తి వ్రాసినచో క్రింది కాగితముపై అక్షరము పడును. చట్రమునకు అడ్డముగా సమదూరమున బిగించిన ఇత్తడి తీగెలే పంక్తులు. ఆ తీగెల నడుమ పుల్ల నడచునంతవరకు వ్రాత యొకదానిపై నొకటి పడదు. కలమును సిరాబుడ్డిలో ముంచుటకు చేయి తడవుకొన బని లేదు, సిరా ఒలుకునన్న భయము లేదు. తాటియాకుపై గంటముతో వ్రాసిన మన పూర్వుల వ్రాతయు కొంత యిట్టిదే: గీత మాత్రమే పడును, మసి పూసినగాని అక్షరము కంటికి తేటపడదు, ఎడమచేతి బొటనవ్రేలే గంటమునకు దారి చూపుచుండును. చూపులేనివారి కుపకరించుటకే వెడ్జ్‌వుడ్ మొదట దీనిని తలపెట్టెను. వర్తకులు దానిలో నకళ్ళు తీయు సౌలభ్యమును కనుగొని తమదిగా జేసికొనుట పిమ్మటి కథ.

చీకటిలో గూడ వ్రాయవచ్చునను భావముతో నాక్టోగ్రాఫ్ అని పేరుపడిన ఈ చట్రము, 1816లో లండనునకు చికిత్సకై వచ్చిన యొక అమెరికా యువకుని చేతికి చిక్కెను. అతడు విలియం హిక్లింగ్ ప్రెస్కాట్. మసాచుసెట్సు రాష్ట్రమందలి సేలం పట్టణమున 1796లో జన్మించి, హార్వర్డులో చదువుచుండగా, భోజనశాలలో ఎవరో విసరిన గట్టి రొట్టెముక్క ఎడమకంటికి తగిలి ఆ చూపు శాశ్వతముగా పోయెను. ఒంటికంటితో చదువు ముగించి, తండ్రివలె న్యాయవాది కావలెనని శిక్షణ ప్రారంభించెనో లేదో, 1815లో కీళ్ళవాతము సోకి, దానితోబాటు మిగిలిన కన్ను వాచెను. ఆ వ్యాధి అతనిని జీవితాంతము విడువలేదు. ఒకప్పుడు కీళ్ళలోను, ఒకప్పుడు కంటిలోను తలయెత్తుచు, కొన్ని నెలలు చదువనిచ్చి, మఱికొన్ని నెలలు పుట తెఱవనీయక వేధించెను. దెబ్బ తగిలి పోయిన కన్ను పోయినదే, అది స్థిరమైన నష్టము. వ్యాధివలన చెడు కంటి విషయమట్టిది గాదు. నేడు కనబడినది రేపు కనబడునో లేదో తెలియని ఆ అస్థిరత్వమే దీర్ఘరోగికి అసలు కష్టము. పూర్తిగా చూపులేనివాడు తన పనిని ఒక్కసారి మార్చుకొనును. చూపు వచ్చుచు పోవుచుండువాడు నిత్యము మార్చుకొనుచుండవలెను.

అజోర్సు దీవులలో అమెరికా కాన్సలుగా నుండిన మాతామహుని ఇంటికి ప్రెస్కాట్ విశ్రాంతికై పోగా, అచ్చట కన్ను మరల వాచుటచే మూడు నెలలపాటు చీకటిగదిలో నుండవలసివచ్చెను. ఆ దినములలో నతడు వ్యాయామమునకై గదిలో ఒక మూలనుండి మఱియొక మూలకు నడచుచు, గోడ దగ్గరపడుట తెలియుటకు మోచేతులు చాచి నడచెడివాడనియు, ఆ తాకిడికి గోడపూత రాలిపోయెననియు అతని మిత్రుడును జీవితచరిత్రకారుడునైన జార్జి టిక్నర్ వ్రాసియున్నాడు. లండను వైద్యులు చెప్పినదంతయు నొక్కటే: పోయిన కంటికి చేయగలిగినది లేదు, ఉన్న కన్ను ఒంటి ఆరోగ్యమును బట్టి యుండును. న్యాయవాదవృత్తి అతనికి అందరానిదయ్యెను. చరిత్రరచన అందునని మాత్రము ఎవరనగలరు? పలు గ్రంథములను పరులకన్నులతో పరిశీలించి చరిత్ర కూర్చుట దాదాపు అసాధ్యమని, చూపు పోయిన ఆంగ్లకవి మిల్టను జీవితమును వ్రాయుచు విమర్శకుడు డాక్టరు జాన్సన్ తీర్పు చెప్పియుండెను. ప్రెస్కాట్ ఆ మాటను ఎఱిగియుండియు 1826లో స్పెయిను రాణి ఇసబెల్లా, రాజు ఫెర్డినాండుల చరిత్రకు పూనుకొనెను.

అతడు పనిని ఏర్పరచుకొనిన తీరే ఈ చరిత్రలో కెల్ల విలువైన భాగమని నా అభిప్రాయము. తన చెవికి మూల గ్రంథములను అర్థము చేసికొను శక్తి యున్నదో లేదో పరీక్షింపదలచి, స్పానిషు భాష యెఱుగని యొక యువకుని కార్యదర్శిగా బెట్టుకొని, ఉచ్చారణ మాత్రము నేర్పి, మారియానా వ్రాసిన స్పెయిను చరిత్రను పెప్పరెల్ గ్రామమందలి తమ తోటచెట్ల క్రింద చదివించుకొనెను. చదువువానికి అర్థము తెలియదు, వినువానికి పుట కనబడదు. ఐనను మెల్లమెల్లగా వేగము కుదిరి ఆ బృహద్గ్రంథపు సంపుటములు సాగిపోయెను. పిమ్మట భాష తెలిసిన కార్యదర్శులు దొరకిరి, వారిలో జాన్ ఫాస్టర్ కర్క్ తానును చరిత్రకారుడై పేరుగాంచెను. మాడ్రిడ్ గ్రంథాలయములనుండి వ్రాయసగాండ్రు ఎత్తి పంపిన పత్రములు వేలకొలది పుటలుగా బోస్టనునకు వచ్చిపడుచుండెను. కార్యదర్శి చదువుచుండగా ప్రెస్కాట్ నాక్టోగ్రాఫుపై గుర్తులు వ్రాసికొనును. ఆ గుర్తులను కార్యదర్శి పెద్ద అక్షరములతో శుభ్రప్రతి చేయును. కన్ను సహించిన దినమున ప్రెస్కాట్ వానిని స్వయముగా చూచుకొనును, సహింపని దినమున మరల మరల చదివించుకొనును. చదువుగదిలో కిటికీలకు పలుచని నీలితెరలు కట్టించి, ఆకాశమున మబ్బు కదలినప్పుడెల్ల వెలుతురును సరిచేసికొనుచుండెడివాడు. మిగిలిన కంటిచూపును అతడు ధనమువలె లెక్కపెట్టి వాడుకొనెను.

విన్నదంతయు మనస్సున ఇమిడిన పిమ్మట అధ్యాయమును వాక్యము వాక్యముగా కూర్చుకొనుటకు అతనికి గుఱ్ఱపుస్వారీయు, నడకయు తగిన సమయములు. అచ్చుపుటలలో అఱువదింటికి సరిపడు గ్రంథమును ఒక్కొక్కప్పుడు జ్ఞాపకమున నిలుపుకొని, అటుపై బల్లయొద్ద కూర్చుండి ఏకధాటిగా వ్రాసెడివాడని టిక్నర్ చెప్పియున్నాడు. అవధానుల ధారణను సభలలో చూచిన మనకు ఈ మాట నమ్మదగినదే. కాని వారు సభలో కొన్ని గంటలసేపు సాధించుదానిని అతడు ఏండ్ల తరబడి, ఒంటరిగా, ప్రశంసించువారు ఎదుట లేకుండ సాధించెను. నాక్టోగ్రాఫుపై వ్రాసినదానిని దిద్దుట కష్టము. కనుక దిద్దుబాటంతయు ముందే తలలో జరిగిపోవలెను. క్రింద తెల్లకాగితము పెట్టుట మఱచి, ఉత్సాహముతో పుటంతయు నింపి, చివరకు ఏమియు పడలేదని తెలిసికొనిన సందర్భము లున్నవని అతడే చెప్పెను. బద్ధకమును జయించుటకు గడువులోగా ఇన్ని పుటలు వ్రాయనిచో ఇంత సొమ్ము చెల్లింతునని కార్యదర్శితో పందెములు వేయుటయు నతని అలవాట్లలో నొకటి.

ఇట్లు పదియేండ్లకు పైగా శ్రమించి వ్రాసిన ఫెర్డినాండ్ ఇసబెల్లాల చరిత్ర 1837 డిసెంబరులో వెలువడెను. మెక్సికో విజయచరిత్ర 1843లోను, పెరూ విజయచరిత్ర 1847లోను వచ్చినవి. స్పెయిను గాని, మెక్సికో గాని, పెరూ గాని అతడు కన్నులార చూచినవాడు కాడు. తన గ్రంథములను పొగడుచు పత్రికలు తన్ను పూర్తిగా చూపులేనివానినిగా వర్ణింపగా, ఆ మెప్పు తనకు న్యాయముగా రాదగినది కాదని తలంచి, పెరూ చరిత్ర పీఠికలో తన కంటి స్థితిని, వ్రాతచట్రమును ఉన్నదున్నట్లు వివరించెను. ఆ పీఠికలోని నిజాయితీ నాకు మిక్కిలి గౌరవపాత్రముగా దోచును; ఏలయన చూపు కొంత యున్నవాని స్థితిని లోకము త్వరగా అర్థము చేసికొనదు, ఉన్నదా లేదా అని రెండే ప్రశ్నలు వేయును. 1859 జనవరి 28న రెండవమారు వచ్చిన పక్షవాతముచే అతడు మరణించునప్పటికి స్పెయిను రాజు రెండవ ఫిలిప్ చరిత్ర మూడు సంపుటములు మాత్రమే పూర్తియయ్యెను.

ఆ కాలముననే ఫ్రాన్సులో నార్మనుల ఇంగ్లండు విజయమును వ్రాసిన ఒగుస్తాఁ త్యెరీ, ఇంకను యౌవనముండగనే చూపును, పిమ్మట కాళ్ళ బలమును కోల్పోయియు, భార్యయు కార్యదర్శులును చదివి వ్రాయగా మెరోవింగియను కాలపు కథనములను 1840లో ప్రకటించెను. 

వ్రాతయంత్రము కథయు ఇట్టిదే. ఇటలీలో పెల్లెగ్రీనో తుర్రి అనునతడు చూపు కోల్పోయిన కరోలీనా ఫాంతోని అను కులీనస్త్రీ స్వయముగా ఉత్తరములు వ్రాసికొనగలుగుటకై అక్షరములు కొట్టు యంత్ర మొకటి చేసియిచ్చెను. యంత్రము నేడు లేదు గాని, 1808 మొదలు ఆమె దానిపై వ్రాసిన ఉత్తరములు కొన్ని మిగిలియున్నవి. తుర్రియు తన యంత్రమునకై నల్లకాగితమును సిద్ధపరచుకొనెను. తరువాత కోపెన్‌హేగనులో బధిరమూకుల పాఠశాలకు అధిపతియైన రాస్మస్ మాలింగ్ హాన్సెన్ అర్ధగోళముపై మీటలు గుచ్చిన వ్రాతబంతికి 1870లో పేటెంటు పొందెను. ఇరువదినాలుగవయేట బాసెల్‌లో ఆచార్యపదవి పొంది, తలనొప్పి, వాంతులు, కంటిబాధ భరింపలేక ముప్పదినాలుగవయేట 1879లో దానిని వదలుకొనిన తత్త్వవేత్త నీషే, 1882లో ఈ వ్రాతబంతిని తెప్పించుకొనెను. అది దారిలో దెబ్బతినియుండుటచే కొలది వారములే ఉపకరించెను. అతని వ్రాతప్రతులకు అటుపైనను మిత్రుడు కోసెలిట్స్ కన్నులే దిక్కైనవి.

అమెరికాలో 1874లో రెమింగ్టను సంస్థ అంగడికి తెచ్చిన యంత్రమున అచ్చులు క్రిందినుండి లేచి కాగితపు అడుగున తగులుచుండుటచే, వ్రాసిన పంక్తి కొంతసేపటివరకు ఎవ్వరికిని కనబడెడిది కాదు. చూపున్నవాడును చూడకయే వ్రాయవలసివచ్చెను. 1888లో సిన్సినాటి నగరమున జరిగిన పోటీలో మీటలవంక చూడక కొట్టు మెక్‌గరిన్ చూచి కొట్టువానిని ఓడించిన పిమ్మట ఆ పద్ధతియే విద్యయై నిలిచెను. లోయరు, హయ్యరు పరీక్షలకై మన పట్టణములందలి టైపు ఇన్‌స్టిట్యూట్లలో చేరిన లక్షల యువతీయువకులకు గురువులు మొదట నేర్పినదియు ఇదియే. అలవడిన చేతికి పిమ్మట చూపు తగ్గినను ఆ విద్య నష్టముకాదు. దీని సామర్థ్యమును పెద్దయెత్తున వినియోగించినవాడు ఆర్థర్ పియర్సన్. లండనులో డైలీ ఎక్స్‌ప్రెస్ పత్రికను 1900లో స్థాపించిన అతడు నీటికాసులచే చూపు కోల్పోయి, 1915లో యుద్ధమున చూపు పోగొట్టుకొనిన సైనికులకై సెయింట్ డన్‌స్టన్స్ అను శిక్షణాలయము నెలకొల్పెను. బ్రెయిలీ, టైపు, టెలిఫోను పని, మర్దనచికిత్స మొదలగునవి నేర్పి వారిని జీతము తెచ్చుకొను ఉద్యోగులనుగా తీర్చుట దాని లక్ష్యము.

ఇచ్చట ఒక సత్యమును దాచరాదు. ప్రెస్కాట్ ధనికుల బిడ్డ. కార్యదర్శికి జీతమీయగలడు, మాడ్రిడ్‌లో వ్రాయసగాండ్రను పోషింపగలడు, కన్ను నొచ్చిన దినమున పని మానగలడు. పియర్సన్ పత్రికాధిపతి. సాయంత్రపు వెలుతురులో ఫైలు మసకబారుచున్నను పైయధికారికి చెప్పుటకు భయపడి, ప్రక్క గుమాస్తాచేత రహస్యముగా అంకెలు చదివించుకొను చిన్న ఉద్యోగికి ఈ సాధనములేవియు లేవు. మధుమేహమున రెటీనాలోని సన్ననాళములు చెడి రక్తము చెమర్చుట నేడు అట్టివారిలో అనేకులకు కారణము. 1851లో హెల్మ్‌హోల్ట్స్ కంటిలోపల చూచు అద్దమును వెల్లడించిన కొలదికాలమునకే వైద్యులు ఆ మార్పులను గుర్తించిరి; 1945 నాటి సూర్యగ్రహణమును చూచి రెటీనా కాలినవారిని పరీక్షించిన జర్మనీ వైద్యుడు మేయర్ ష్వికెరాత్‌కు కాంతితోనే రెటీనాకు చికిత్స చేయవచ్చునను ఆలోచన తట్టి, నేటి లేజరు చికిత్సకు దారి యేర్పడెను. తెరపై వ్రాతను తెలుగులో చదివి వినిపించు ఉచిత సాఫ్ట్‌వేరు నేడు కలదు. చదివి వినిపించువానికి జీతమీయలేనివానికి అది ప్రెస్కాట్ కార్యదర్శికి బదులు.

చట్టము గూడ కొంత ముందడుగు వేసినది. ఉద్యోగములో నుండగా వైకల్యము కలిగినవానిని తొలగింపరాదనియు, హోదా తగ్గింపరాదనియు, పాతపని చేయలేనిచో అదే జీతముతో వేరుపని ఈయవలెననియు, అదియు లేనిచో తగిన ఖాళీ యేర్పడువరకో, పదవీవిరమణ వయస్సు వచ్చువరకో అదనపు ఉద్యోగము కల్పించి యుంచవలెననియు 1995 నాటి వికలాంగుల చట్టపు 47వ సెక్షను శాసించెను. 2016 నాటి చట్టము 20వ సెక్షనులో దానిని నిలిపెను. ఐనను ఆ రక్షణ ప్రభుత్వ సంస్థల ఉద్యోగులకు మాత్రమే. హైదరాబాదు, విశాఖపట్టణములలో దినమంతయు తెరవంక చూచుచు ప్రైవేటు సంస్థలలో పనిచేయువారికి అట్టి హామీ లేదు. వారి సంస్థలు సమానావకాశముల విధానమును ప్రకటించిన చాలునని చట్టము తృప్తిపడినది. వారి చూపు తగ్గిననాడు ఆ 20వ సెక్షను వారికిని వర్తించునట్లు పార్లమెంటు దానిని సవరింపవలసియున్నది.