డీసీఎం పోయింది, పేరు మిగిలింది

మా పాత డీసీఎం మొన్న వానలకు కాలువలోకి ఒరిగి చాసిస్ వంగింది. మెకానిక్ చూసి ఇగ లాభం లేదన్నడు.

ఇంతకీ డీసీఎం అంటే ఏందో తెలుసా? ఢిల్లీ క్లాత్ మిల్స్! ఆ బట్టల మిల్లు కంపెనీ 1980లలో జపాన్ టయోటాతో కలిసి చిన్న లారీలు చేసింది. ఆ రోజుల్లోనే మన జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ బండ్లు కూడా తయారైనయి. బండ్లు మంచివే. కానీ చాలా సామాను జపాన్ నుంచి రావాలె. 1985 తర్వాత వాళ్ల యెన్ విలువ బాగా పెరిగి సామాను పిరమైంది. 1986లో టాటా వాళ్లు ఇక్కడి సామానుతో 407 తెచ్చిన్రు. 1990లలో టయోటా ఆ జోడీ విడిచి పోయింది. మన నోట్లో డీసీఎం పేరు మాత్రం మిగిలింది. 407 మాత్రం ఇప్పటికీ రోడ్డు మీద ఉంది.

మావాడు కొత్త బండి కొందామన్నడు. టమాట ధర పడ్డా కిస్తీ ఆగదు కదా! అందుకే సెకండ్‌హ్యాండ్ 407 పికప్ తీసుకున్న. మీరు కూడా బండి కొనేముందు రంగు చూడకండి. దాని స్పేర్ పార్టు మన మండలంలో దొరుకుతదా అని అడగండి.