చిన్న అక్వేరియానికి పాచి తినే చేపలు

మంచినీటి అక్వేరియంలో అద్దాల మీద, రాళ్ల మీద, మొక్కల ఆకుల మీద పట్టే పాచిని గీరి తినే చేపలు చాలా జాతుల్లో ఉన్నాయి. దుకాణాల్లో మాత్రం వీటన్నిటికీ సక్కర్, ఆల్గే ఈటర్, ట్యాంక్ క్లీనర్ అని రెండు మూడు పేర్లే వినిపిస్తాయి. ఆ పేర్లతో అమ్మే వాటిలో కొన్ని వేలెడంత కూడా పెరగవు, కొన్ని మూరెడు దాకా పెరుగుతాయి. కొనే రోజున అన్నీ చిన్న పిల్లలే కాబట్టి ఈ తేడా కనిపించదు. అందువల్ల ఎంపికలో మొదట చూడాల్సింది పెద్దయ్యాక చేప సైజు, ఆ తర్వాతే అది తినే పాచి రకం.

ఈ వ్యాసంలో చిన్న ట్యాంకు అంటే రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్నది. అంచుదాకా నింపితే సుమారు 56 లీటర్లు పడుతుంది. ఇసుక, రాళ్లు, పైన వదిలే ఖాళీ పోతే నికరంగా మిగిలే నీరు 45 లీటర్లకు అటూ ఇటూ ఉంటుంది.

ఏ పాచి?

వెలుతురు, నీళ్లలో కరిగిన నైట్రేట్, ఫాస్ఫేట్ ఉన్నచోట పాచి పెరుగుతుంది. చేప దాన్ని తిన్నా అందులోని పోషకాల్లో చాలా భాగం చేప మలం ద్వారా మళ్లీ నీళ్లలోకే చేరుతుంది. కాబట్టి లైటును రోజుకు 6 నుంచి 8 గంటలకు తగ్గించడం, కిటికీ ఎండ తగలనివ్వకపోవడం, మేత తగ్గించడం, వారానికోసారి నాలుగో వంతు నీరు మార్చడం ఎటూ తప్పవు. చేప ఈ పనులకు తోడు మాత్రమే.

కొత్త ట్యాంకులో గోధుమరంగు పొడిలా పరుచుకునేది డయాటమ్ పాచి. మెత్తగా ఉంటుంది, చాలా చేపలు ఇష్టంగా తింటాయి. అద్దానికి పచ్చని చుక్కలుగా అతుక్కునేది గట్టిది, దాన్ని గీకాల్సిందే. ఆకుల అంచుల్లో నల్లటి కుచ్చులా మొలిచేది నిజానికి ఎర్ర శైవలాల వర్గానికి చెందింది, దాన్ని ముట్టుకునే చేపలు బహు తక్కువ. జిగురుగా, నీలి ఆకుపచ్చ పొరలా పరుచుకుని దుర్వాసన వేసేది పాచే కాదు, సయనోబాక్టీరియా. దానికీ, నీళ్లు మొత్తం పచ్చబడటానికీ ఈ చేపల వల్ల ఉపయోగం లేదు.

కొనకూడనివి

సక్కర్ పేరుతో ఎక్కువగా అమ్ముడయ్యే ప్లీకో, అంటే టెరిగోప్లిక్తిస్ జాతుల చేప, దక్షిణ అమెరికాది. ఒంటికి పొలుసుల బదులు ఎముక పలకల కవచం ఉంటుంది. అడుగు దాటి పెరుగుతుంది, పదేళ్లకు పైగా బతుకుతుంది. రెండడుగుల ట్యాంకులో పెద్దయ్యాక దానికి తిరగడానికే చోటుండదు. అప్పుడు చంపి పాపం మూటగట్టుకోవడం ఇష్టం లేక దాన్ని చెరువులోనో కాలువలోనో వదిలేస్తారు. తెలుగు రాష్ట్రాల జాలర్లు డెవిల్ ఫిష్ అని తిట్టుకునే చేప అదే. దాని ముళ్లకు వలలు చిరుగుతాయి, గుడ్లు పెట్టడానికి అది గట్లలో బొరియలు తవ్వుతుంది. నీటిలో కలిసిన డీఎన్‌ఏ ఆధారంగా దాని ఉనికిని గుర్తించే పనిని హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చేపట్టారు. పెంచలేకపోతే దుకాణానికి తిరిగి ఇవ్వాలే తప్ప చెరువులో వదలడం మాత్రం తగదు.

చైనీస్ ఆల్గే ఈటర్‌గా అమ్మే జైరినోకీలస్ నిజానికి ఎక్కువగా మెకాంగ్ పరివాహక దేశాల చేప. మొప్ప మీద దానికి అదనంగా ఒక రంధ్రం ఉంటుంది. రాతిని నోటితో పట్టుకుని ఉండగానే ఆ రంధ్రం గుండా నీరు పీల్చుకోగలదు. బంగారు రంగు పిల్ల ముచ్చటగా ఉంటుంది కానీ, పెరిగేకొద్దీ కయ్యానికి దిగుతుంది, ఏంజెల్ లాంటి బల్లపరుపు చేపల ఒంటి జిగురును పీలుస్తుంది.

సయామీస్ ఆల్గే ఈటర్ మంచిది. నల్ల కుచ్చు పాచిని తినే కొద్ది చేపల్లో ఇదొకటి. దాని నల్ల చార తోక రెక్క చివరిదాకా సాగుతుంది, మిగతా రెక్కలకు రంగుండదు. దానిలాగే కనిపించే ఫ్లయింగ్ ఫాక్స్ చేపకు రెక్కల మీద నల్లటి గుర్తులుంటాయి. కానీ సయామీస్ 15 సెంటీమీటర్ల దాకా పెరిగే పరుగుల చేప, దానికి మూడడుగుల ట్యాంకైనా కావాలి.

చిన్న ట్యాంకుకు తగినది

నా దృష్టిలో అన్నిటికన్నా తగినది ఓటోసింక్లస్, వాడుకలో ఓటో. ఇదీ దక్షిణ అమెరికాదే, ప్లీకో కుటుంబానిదే, కానీ 4 సెంటీమీటర్లకు మించి పెద్దగా పెరగదు. గుంపుగా బతికే చేప కాబట్టి అయిదారింటిని కలిపి ఉంచాలి. లేత ఆకును కూడా చింపకుండా దానిమీది డయాటమ్ పొరను తుడిచేస్తుంది, నియాన్ టెట్రా, గప్పీల జోలికి పోదు.

ఇంత మంచి చేప ఇళ్లకు వచ్చిన తొలి వారాల్లోనే ఎక్కువగా చనిపోతుంది. మార్కెట్‌కు వచ్చేవాటిలో అధికభాగం వాగుల్లో పట్టినవే. ప్రయాణంలో, దుకాణంలో అవి పస్తులుంటాయి. అందుకే కొనేముందు అద్దానికి అతుక్కున్న చేప పొట్టను చూడాలి. గుండ్రంగా ఉంటే సరే, లోపలికి గుంతపడితే వద్దు. దుకాణంలో రెండు వారాలు నిలదొక్కుకున్నవాటిని తెచ్చుకోవడం ఇంకా మంచిది. కొత్తగా కడిగి మెరిసే ట్యాంకు వాటికి ఆకలి గది లాంటిది. రెండు మూడు నెలలు గడిచి, రాళ్లమీద పల్చని పొర కట్టిన తర్వాతే తేవాలి. పాచి అయిపోయాక వేడినీళ్లలో ముంచి మెత్తబరచిన కీరా ముక్క, పాలకూర ఆకు రాత్రిపూట వేసి పొద్దున తీసేయాలి.

బ్రిసిల్‌నోస్, అంటే యాన్సిస్ట్రస్, 10 నుంచి 15 సెంటీమీటర్లు పెరుగుతుంది. మన రెండడుగుల ట్యాంకుకు అది పెద్దదే. గీరుకోవడానికి చెక్క దుంగ, దాక్కోవడానికి గూడు ఉన్న మూడడుగుల ట్యాంకులో బాగుంటుంది.

బోరునీరు గట్టిగా ఉండే ఇళ్లలో లెక్క మారుతుంది. ఓటోకు మెత్తని నీరు నచ్చుతుంది. గట్టినీటికి మోలీ మేలు. రోజంతా అద్దాలను కొరుకుతూ తిరుగుతుంది, అయితే త్వరగా పిల్లల్ని పెడుతుంది. చేప కాకపోయినా నెరైట్ నత్త పచ్చ చుక్కల్ని సైతం గీరుతుంది. అది పెట్టే తెల్లటి గుడ్లు రాళ్లకు అంటుకుంటాయి కానీ మంచినీటిలో పిల్లలు ఎదగవు. అమానో రొయ్యలు పీచులాంటి పాచిని పీకి తింటాయి. రొయ్యలున్న ట్యాంకులో రాగి కలిసిన మందులు వాడకూడదు.

వేసవిలో హైదరాబాదు గదుల్లో ట్యాంకు నీరు 30 డిగ్రీలు దాటడం మామూలే. ఓటోకు 22 నుంచి 26 డిగ్రీలు హాయి. నీరు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి ఏప్రిల్ రాకముందే ఎయిర్ పంపు పెట్టాలి. మూత కాస్త ఎత్తి నీటిమట్టం మీదుగా చిన్న ఫ్యాను గాలి తగిలిస్తే రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. ఆవిరైపోయిన నీటికి బదులు క్లోరిన్ పోయిన నీరు రోజూ పోస్తుండాలి.